బరువు మోయని మోకు

గుర్రం కూలిపోయింది.

రాతిబాట మలుపులో దాని ముందుకాళ్ళు ఒక్కసారిగా ముడుచుకుపోయాయి. మణికేతుడు దాని మెడ మీదుగా ఎగిరి పడి, రెండు దొర్లు దొర్లి లేచాడు. తన నగరం చందనావతి గుర్రపుశాలలో పుట్టి, అగ్నివాగు దాటించి, మూడు రాజ్యాల దూరం మోసుకొచ్చిన గుర్రం అది. దాని కన్ను ఇంకా అతణ్ణే చూస్తోంది. నుదుటి మీద ఒకసారి చెయ్యి వేసేంత వ్యవధి మాత్రమే దొరికింది. కొండ అవతలి నుంచి డెక్కల చప్పుడు దగ్గరవుతోంది. ఎలుగుబంటి తోలు కప్పుకుని తిరిగే దళపతి భల్లూకుడు ఇరవైమంది రౌతులతో తెల్లవారినప్పటి నుంచీ అతణ్ణి తరుముతున్నాడు.

మణికేతుడు పరుగెత్తాడు. పదడుగులు పోయాక ఆగి, ఒక్కసారి వెనక్కి చూశాడు. తిరిగి చూడకుండా వెళ్ళిపోవడం అతనికి ఇంకా చేతకాలేదు. తర్వాత మళ్ళీ పరుగు.

బాట చివర నేల తెగిపోయినట్టు ఆగిపోయింది. అక్కడ లోయ అంచున ఒక ఊరు కనిపించింది. దాని పేరు అంచుపురం. ఏడు వాడల ఊరు, ఎర్రరాతి గోడల ఇళ్ళు, కప్పుల మీద ఆరేసిన జనపనార బంగారు జడల్లా వేలాడుతోంది. ఊరికి ఎదురుగా లోయనిండా పాలపొంగులాంటి మంచు. ఆ మంచు మీద, ఆకాశంలో ఎవరో మరిచిపోయి వదిలేసిన నగలా, నల్లని కోట. దాని బురుజులకు రాగిరేకులు తాపడం చేశారు. ఉదయపు ఎండ తగిలి అవి నిప్పుల్లా మెరుస్తున్నాయి. కోటకు పునాది కనిపించదు. ఊరి అంచున నిలబెట్టిన ఏడు రాతి స్తంభాల నుంచి మనిషి మణికట్టంత లావున్న ఏడు మోకులు గాలిలోకి సాగి, ఆ కోట కిటికీల దగ్గర ముగుస్తున్నాయి. చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఆ మోకులే కోటను పట్టుకుని ఉన్నాయనిపిస్తుంది. అందుకే దానికి తూగుకోట అని పేరు.

భల్లూకుడి ఏలిక, మాంత్రికుడు కాలజంఘుడు ఉండేది అందులోనే. ఎనిమిది నెలల కిందట మణికేతుడి అక్క మధులికను ఎత్తుకొచ్చి దాచిందీ అందులోనే.

డెక్కల చప్పుడు ఊరి పొలిమేరకు వచ్చింది. మణికేతుడు కనబడిన మొదటి వాకిట్లోకి దూరాడు. అది ఇల్లు కాదు, కప్పు లేని పొడవాటి బాట. రెండువైపులా గోడలు. ఒక చివర పురి తిప్పే చక్రం, దాని ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి. చేతులు మాత్రం మగవాడి చేతుల్లా, నార కోసుకుపోయి కాయలు కాచి ఉన్నాయి.

ఆమె అతని కత్తినీ, భుజం మీద బాణం గీసిన గాయాన్నీ, దుమ్ము కొట్టుకుపోయిన పట్టుబట్టనూ వరుసగా చూసింది. అరవలేదు.

"నిన్నేనా తరుముతా ఉండేది?"

"నన్నే, అవ్వా."

"మోకు పేనడం వచ్చునా?"

"రాదు."

"అయితే బతకాలంటే ఇప్పుడే నేర్చుకో." ఆమె లేచి కత్తిని నార కుప్పలోకి తోసేసింది. గోడకు తగిలించిన పాత గోచీ గుడ్డ విసిరింది. అతను కట్టుకునేలోగా తడి నార తెచ్చి నడుముకూ భుజానికీ మందంగా చుట్టేసింది. గాయం నార కింద దాగిపోయింది. "ఈ కొస చక్రానికి తగిలిస్తాను. నేను తిప్పుతుంటే పురి ఎక్కుతుంది. నువ్వు నడుముకున్న నార కొంచెంకొంచెంగా వదులుతూ వెనక్కి నడవాలి. వెనక్కే. మోకు పేనేవాడు పుట్టినప్పటి నుంచీ వెనక్కే నడుస్తాడు, తల తిప్పి చూడడు. చూశావంటే పరాయివాడివని వాళ్ళకి తెలిసిపోతుంది."

"వెనక ఏముందో తెలియకుండా ఎలా నడవను?"

"చెయ్యి చెబుతుంది. చక్రం ఆగితే నీ వేళ్ళమధ్య పురి ఆగుతుంది. అప్పుడు నువ్వూ ఆగు. అంతే. ఇంక గమ్మునుండు. నువ్వు చెవిటివాడివి."

చక్రం కిర్రుమంది. మణికేతుడు వెనక్కి ఒక అడుగు వేశాడు. అతని వేళ్ళమధ్య నార బతికినదానిలా మెలిక తిరగసాగింది.

ఐదడుగులు వేశాడో లేదో, వాకిట్లో ఎలుగుతోలు నీడ పడింది.

"అంకమ్మా!" భల్లూకుడి గొంతు. "ఇటుగా ఎవడైనా వచ్చాడా?"

"ఇటు వస్తే యాడికి పోతాడు దొరా, లోయలోకా?"

"వీడెవడు? ఎప్పుడూ చూడలేదే."

"మా అక్క మనవడు. సుంకడు. పుట్టు చెవుడు. పెళ్ళి చెయ్యమంటే ఏ పిల్లా ఒప్పుకోలేదు. నీకేమైనా ఒక పిల్ల ఉంటే చెప్పు."

రౌతులు నవ్వారు. భల్లూకుడు నవ్వలేదు. అతను మాట్లాడకుండా బాట వెంట నడిచి మణికేతుడి వెనక్కి వెళ్ళాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. మణికేతుడికి కనిపిస్తున్నది ఎదురుగా చక్రం, అంకమ్మ ముఖం, అంతే. ఆ ముఖం మారలేదు. కానీ ఆమె కళ్ళు ఒక్క క్షణం అతని నడుము వెనకకు వెళ్ళి వచ్చాయి. వెనక బల్లెం గుచ్చుకునేలా పట్టుకుని భల్లూకుడు నిలబడ్డాడని అతనికి అర్థమైంది.

వెనక్కి ఒక అడుగు. ఇంకొకటి. వీపు చర్మం ముడుచుకుపోతోంది. మెడ తిరగాలని కొట్టుకుంటోంది. చక్రం కిర్రు, కిర్రుమంటూనే ఉంది. ఇంకో అడుగు. ముసలిది తనను అమ్మేసిందా? ఇంకో అడుగు.

వేళ్ళమధ్య పురి ఆగిపోయింది.

మణికేతుడు ఆగాడు. నడుము వెనక, నారను ఆనుకుని, చల్లని ఇనుప మొన.

"పాయ తెగింది," అంది అంకమ్మ విసుగ్గా. "దొరా, కాస్త అడ్డం లేవయ్యా. వాడికి వినబడదు, నీకు కనబడదు. ఈ ఏటి మోకు ఇయ్యాలే అయిపోవాలి. ఆలస్యమైందంటే కోటలో జవాబు నువ్వు చెప్పుకుంటావా?"

భల్లూకుడు బల్లెం దించాడు. ఆ మాటే పనిచేసింది. ఈ ఊళ్ళో మోకు పనికి అడ్డం రావడం దళపతికి కూడా నేరమే. రౌతులు వెళ్ళిపోయారు. పక్కవాడలో తలుపులు బాదుతున్న చప్పుడు వినిపించింది.

మణికేతుడు అప్పుడు ఊపిరి వదిలాడు. "నన్నెందుకు కాపాడావు, అవ్వా?"

"నీ మీద జాలి పుట్టి అనుకోకు. నీతో పని ఉంది." ఆమె తెగని పాయను మళ్ళీ చక్రానికి తగిలిస్తూ, ఇంకెవరికీ వినిపించనంత మెల్లగా చెప్పింది. "ఆ మోకులు కోటను మొయ్యడంలేదు."

మణికేతుడు ఆమెను చూశాడు.

"బరువు మోసిన మోకు సాగుతుంది నాయనా. ఏడాదికోసారి కొత్త మోకు పైకి పోతుంది, పాతది కిందికి వస్తుంది. వచ్చిన రోజే కాల్చెయ్యాలని ఆజ్ఞ. కాల్చేముందు చుట్ట చుట్టేది నేనే. చుట్టేటప్పుడు బారలు వేసుకుంటాను, చేతికి అలవాటు. పోయినప్పుడు నూట ఇరవై బారలు, వచ్చినప్పుడూ నూట ఇరవై బారలే. ఒక్క జాన కూడా సాగదు. అంత కోటను ఏడాదిపొడుగునా మోసిన మోకా అది? కింద మంచులో ఏదో రాయి ఉంది. కోట దానిమీద కూర్చుంది."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొదటి ఏటి నుంచే. పన్నెండేళ్ళవుతోంది."

"పన్నెండేళ్ళుగా! ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పేది?" ఆమె చక్రం పిడిని గట్టిగా పట్టుకుంది. "పన్నెండేళ్ళ కిందట వచ్చాడు వాడు. ఇంటికొక బిడ్డను సేవకు ఇమ్మన్నాడు. ఇవ్వం అన్నాం. రాత్రికి రాత్రి కోటను గాలిలో నిలబెట్టి, బిడ్డల్ని అందులో పెట్టి, ఏడు మోకులు మా చేతికిచ్చాడు. 'మీరు పట్టుకుంటే మీ బిడ్డలు బతుకుతారు, వదిలితే పడతారు' అన్నాడు. ఒక మోకు కొంచెం వదిలి చూపించాడు. కోట మా కళ్ళముందే పక్కకు ఒరిగింది. బిడ్డలు అరిచారు. ఆనాటినుంచి ఊరంతా పట్టుకునే ఉంది. నేను వదిలితే పక్కింటివాడి బిడ్డ పడుతుందని వాడు నన్ను కాపలా కాస్తాడు. వాడు వదిలితే నా కూతురు పైడి పడుతుందని నేను వాణ్ణి కాపలా కాస్తాను. ఆ మాంత్రికుడికి ఇంతపెద్ద ఊరికి ఇరవైమంది రౌతులు ఎలా చాలుతున్నారనుకున్నావు?"

"అయినా నీకు నిజం తెలుసు కదా."

"ఇంకోటి కూడా ఉంది." ఆమె తన అరచేతులు చూసుకుంది. "నెలకోసారి, మా వంతు వచ్చినప్పుడు మోకు పట్టుకుంటే, అవతలినుంచి బిడ్డ లాగుతుంది. నా పైడి మూడుసార్లు లాగుతుంది. చిన్నప్పుడు నా కొంగు అట్లాగే లాగేది, ఆకలైతే. లేకలేక పుట్టింది. ఎనిమిదేళ్ళప్పుడు తీసుకుపోయారు. మోకు అబద్ధమైతే ఆ లాగుడూ అబద్ధమే కదా? అందుకని బారలు లెక్క తేలినా తేలనట్టే ఉండిపోయాను. ఈ పున్నానికి దానికి ఇరవై నిండుతాయి. ఇంక నాకు తెలియాలి. నా చేతిని నేను నమ్మలేను. ఈ ఊళ్ళో ఎవరి చేతినీ నమ్మలేను. నీ చెయ్యి కావాలి, ఆ కోటలో ఎవరూ లేనివాడి చెయ్యి."

మణికేతుడు తలవంచుకున్నాడు. "మా అక్క అందులో ఉంది, అవ్వా. ఆమె కోసమే వచ్చాను."

అంకమ్మ నిట్టూర్చింది. "అయితే నీ చెయ్యీ పనికిరాదు." చక్రం పిడి వదిలి, "అయినా రా. మధ్యాహ్నానికి మా వాడ వంతు," అంది.

మధ్యాహ్నం తప్పెట మోగింది. వాడలోని నలభై ఇళ్ళవాళ్ళూ స్తంభం దగ్గర గుమిగూడారు. ఉతికిన బట్టలు కట్టుకుని, పూలు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. మోకు స్తంభానికి మూడు చుట్లు తిరిగి ఉంది. అలా మూడు చుట్లు తిప్పితే ఏనుగునైనా ఒక మనిషి ఆపగలడు. కాబట్టి చేతికి బరువు తెలియకపోయినా ఎవరికీ అనుమానం రాదు. చుట్ల తర్వాత మిగిలిన కొసను వరుసగా పట్టుకుని నిలబడతారు.

వాడపెద్ద ఓబన్న ఎర్ర తలపాగాతో ముందు నిలబడ్డాడు. కోట ఇచ్చిన తలపాగా అది. అతని ఒక్కగానొక్క కొడుకు పైన ఉన్నాడు. "జరుగు గురివయ్యా, నీదేమన్నా రెండు మూరల చెయ్యా? అందరికీ చోటివ్వు. అంకమ్మక్కా, ఎవరీ పొడుగోడు?"

"మా అక్క మనవడు. చెవుడు."

"చెవుడైతే ఏం, చెయ్యుందిగా. పట్టుకోనీ."

మణికేతుడు అంకమ్మ వెనక నిలబడి మోకు పట్టుకున్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. గాలి ఆగింది. ముందు నిలబడ్డ ఓబన్న పెదవులు నవ్వాయి. గురివయ్య చెంపల మీద నీళ్ళు కారాయి. అంకమ్మ భుజాలు మూడుసార్లు కదిలాయి.

మణికేతుడి చేతిలోనూ మోకు కదిలింది. రెండు లాగుళ్ళు, మెత్తగా, వెంటవెంటనే.

నడక నేర్చుకునే రోజుల్లో అతని నడుముకు పట్టుగుడ్డ కట్టి, కొలను గట్టు దగ్గరకు పోగానే అలాగే రెండుసార్లు వెనక్కి లాగేది ఒకరు. అక్క కాదు. అక్క అప్పటికి తనూ చిన్నపిల్లే.

"అమ్మ," అన్నాడు మణికేతుడు, గట్టిగానే.

ఓబన్న కళ్ళు తెరిచాడు. "చెవిటివాడు మాట్లాడాడే!"

"మా అమ్మ లాగింది," అన్నాడు మణికేతుడు. దాక్కోవాలన్న సంగతే మరిచిపోయాడు. "మా అమ్మ చనిపోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆమె చితికి నిప్పు పెట్టింది నేనే. ఈ కోటలో ఆమె లేదు. ఏ కోటలోనూ లేదు. ఈ మోకు ఎవరి లాగుడూ తేవడంలేదయ్యా. మనం దాచుకున్నదాన్నే మన చేతికి తిరిగి ఇస్తోంది!"

వాడంతా ఒక్కసారి మీద పడింది.

"తరుముతున్నది వీణ్ణే!"

"దళపతిని పిలవండి!"

"నా కొడుకు లాగుడు అబద్ధమంటాడా!" ఓబన్న అతని మెడ పట్టుకున్నాడు. "ఇప్పుడే లాగాడు నా మల్లడు! ఇప్పుడే! నా చేతిలో ఇంకా వేడిగా ఉంది!" ఇద్దరు అతని చేతులు విరిచి పట్టుకున్నారు. ఎవరో తప్పెట గబగబా కొట్టసాగారు. దూరంగా కొమ్ము జవాబిచ్చింది.

ఈ గొడవలో అంకమ్మను ఎవరూ చూడలేదు. ఆమె స్తంభం దగ్గరకు నడిచి మొదటి చుట్టు తీసేసింది.

కోట ఒరిగింది.

రాగిబురుజులు ఎండలో భగ్గుమని పక్కకు వాలాయి. కిటికీలలోంచి ఒక్కసారిగా కేకలు, వందల కేకలు లోయనిండా మోగాయి. "అమ్మా! నాన్నా!" ఆడవాళ్ళు నేలమీద కూలబడ్డారు. మణికేతుణ్ణి పట్టుకున్న చేతులు వదిలేసి అందరూ స్తంభం వైపు ఉరికారు. ముందుగా చేరింది ఓబన్న. అంకమ్మ చేతిని రెండు చేతులతో అదిమిపట్టాడు.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుతా. వదలమాకు. నీ బిడ్డ ఎట్లాపోతే నాకేం, నా బిడ్డ ఉన్నాడక్కా!"

"విను," అంది అంకమ్మ. ఆమె ముఖం బూడిదలా ఉంది. "ఓబన్నా, విను."

"ఏం వినేది?"

"నీ కొడుకు గొంతు. వినబడుతోందా?"

"వినబడకేం! నా మల్లడి గొంతు నాకు తెలియదా?"

"పోయినప్పుడు ఎన్నేళ్ళు వాడికి?"

"పది."

"ఇప్పుడు?"

ఓబన్న తల కోటవైపు తిప్పాడు.

"ఇరవై రెండేళ్ళవాడు. మీసాలు వచ్చి ఉంటాయి. ఆ గొంతు విను. అది మీసాలవాడి గొంతా?" పైనుంచి ఇంకొక కేక స్పష్టంగా వచ్చింది. 'అమ్మా, ఆకలి!' అంటూ. పాలపళ్ళు ఊడిన నోటితో అన్నట్టు, ఆ మాట చివర గాలిపోయింది. "అదిగో, అది నా పైడి. ఎనిమిదేళ్ళ పైడి. పన్నెండేళ్ళు లాగింది నా మోకు. ఒక్కనాడూ దాని చెయ్యి బలం పెరగలేదు. పేనే చెయ్యి నాది, నారలో వెంట్రుకంత తేడా పట్టేస్తాను. నా బిడ్డ చెయ్యి ఎదగలేదన్న సంగతి పట్టుకోలేకపోయాను. పట్టుకోవాలని అనుకోలేదురా ఓబన్నా. పెరిగితే నాకు తెలియని మనిషి అవుతుందని."

ఓబన్న చేతులు ఆమె చేతిమీదే ఉన్నాయి. పట్టు మాత్రం లేదు.

ఆమె రెండో చుట్టు తీసింది. కోట ఇంకా ఒరిగింది. కేకలు చెవులు చిల్లులు పడేలా మోగాయి. జనం కళ్ళు మూసుకున్నారు. ఎవరో "వద్దు, వద్దు" అని ఒకే మాట గొణుగుతున్నారు.

ఆమె మూడో చుట్టు తీసింది.

మోకు పాములా జారి, లోయలోకి వదులై వేలాడింది.

కేకలు ఆగిపోయాయి. అన్నీ ఒకేసారి, తలుపు మూసినట్టు.

కోట నిటారుగా, ఎప్పుడూ ఉన్నట్టే నిలబడి ఉంది. ఒరిగిన గుర్తు కూడా లేదు. వదులైన మోకు ఊపుకు మంచు కాస్త చెదిరింది. కోట కింద, గోడల్లా నిట్టనిలువుగా దిగిపోయిన నల్లని బండరాయి అందరికీ కనిపించింది. అది అక్కడ ప్రపంచం పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టుంది.

ఎవరూ ఏడవలేదు. ఎవరూ నవ్వలేదు. గురివయ్య ఒక్కడే మోకు కొసను ఇంకా గుండెలకు అదుముకుని ఉన్నాడు. "లాగుతోంది," అన్నాడు అతను. "ఇంకా లాగుతోంది నా బిడ్డ. మీకు కావలసింది మీరు తెలుసుకున్నారు కదా. దీన్ని నాకు వదిలెయ్యండి." అతని పక్కన నిలబడ్డవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. వాళ్ళలో సగంమంది అతని చోట ఉండాలని కోరుకుంటున్నారని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

"మరి మా బిడ్డలు ఎక్కడ?" అంది ఒక ఆడమనిషి. "పైన లేరా? అసలే లేరా?"

వీధి చివర డెక్కల చప్పుడు.

"చూసి వస్తాను," అన్నాడు మణికేతుడు. "కోటకు దారి ఇదొక్కటే. మోకు బిగించండి!"

అంకమ్మ అప్పటికే మోకును స్తంభానికి చుడుతోంది. ఒక చుట్టు, రెండు, మూడు. తర్వాత గురివయ్య ముందు నిలబడి, "గురివా, దాన్ని ఇట్లా ఇయ్యి. దానితో పని ఉంది," అంది చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు. అతను ఇవ్వలేదు. ఆమె అతని గుప్పిట్లోని కొసకు ముందు తన చేతులు వేసి, వెనక్కి నడవసాగింది. ఒక్కొక్క అడుగూ వెనక్కి, ముఖం కోటవైపే. నలభై ఏళ్ళు పేనుతూ నడిచిన నడక. మోకు లోయలోంచి మెల్లగా పైకి లేచింది.

ఆ బరువుకు ఒక్క ముసలిది చాలదు. అందరూ చూస్తూ నిలబడ్డారు. అప్పుడు ఓబన్న ఎర్ర తలపాగా తీసి, చేతులకు చుట్టుకుని, ఆమె వెనక మోకు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకరు, మరో ఇద్దరు. అందరూ కాదు. కొందరు ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకున్నారు. కానీ చాలినంతమంది వచ్చారు. మోకు వీణతీగలా బిగిసింది.

మణికేతుడు ఈలోగా పరుగున పోయి నార కుప్పలోంచి తెచ్చుకున్న కత్తిని నోట కరచుకుని, చేతులూ కాళ్ళూ మోకుకు పెనవేసి, లోయ మీదికి పాకాడు.

పదిబారలు. ఇరవై. కింద మంచు సుళ్ళు తిరుగుతోంది. భుజం గాయం చిట్లి నెత్తురు మోకు మీదుగా కారుతోంది. ముప్పై బారలు దాటేసరికి వెనక భల్లూకుడి అరుపు వినిపించింది.

"ఎవడది? ఎవడెక్కాడు? వదలండి! మోకు వదలండి!"

జనం అతనివైపు తిరిగారు. పన్నెండేళ్ళుగా 'పట్టుకోండి, వదిలితే పడతారు' అని అరిచిన నోరే అది. ఈరోజు వదలమంటోంది. ఓబన్నకు మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక, దగ్గులా, ఏడుపులా బయటికి వచ్చింది.

"వదిలితే పడతారు దొరా," అన్నాడు. "నువ్వే చెప్పావుగా."

భల్లూకుడు గుర్రం మీంచి దూకి బల్లెం ఎత్తాడు. మోకు పట్టుకున్న ఒక్క చెయ్యి కూడా కదలలేదు. పక్కవాడల వాళ్ళు తమ స్తంభాల దగ్గర నిలబడి ఇటే చూస్తున్నారు. ఇరవైమంది రౌతులు తాము ఇరవైమందే అన్న సంగతి ఆ ఊళ్ళో మొదటిసారి గమనించినట్టు, గుర్రాల మీద అటూఇటూ కదిలారు.

"స్తంభం దగ్గర నరకండి!" అన్నాడు భల్లూకుడు. గండ్రగొడ్డలితో ఒక రౌతు ముందుకొచ్చాడు. అప్పుడు గురివయ్య, అందరికంటే వెనక కొసను పట్టుకుని ఉన్న గురివయ్య, ఆ కొసను వదిలేశాడు. పరుగున వచ్చి స్తంభాన్ని రెండు చేతులతో కౌగిలించుకుని మోకు చుట్ల మీద బోర్లా పడ్డాడు. గొడ్డలి గాలిలో ఆగింది.

లోయ మధ్యలో మణికేతుడు తల ఎత్తి చూశాడు. ఇంక నలభై బారలే ఉంది. కోట కిటికీ తెరుచుకుంది. ఎముకల్లాంటి తెల్లని వేళ్ళు ఒక వంకర కత్తిని ఆ మూడు పాయల మోకు మీద ఆనించాయి. కాలజంఘుడి వేళ్ళు. మొదటి పాయ తెగి, పురి విప్పుకుంటూ మణికేతుడి వైపు గిరగిరా తిరుగుతూ వచ్చింది. అతను వేగం పెంచాడు. రెండో పాయ మీద కత్తి ఆనింది.

ఒడ్డున అంకమ్మకు అవేవీ కనిపించడంలేదు. ఆమె చేతుల్లో మోకు మూలుగుతోంది. మనిషి బరువు మోస్తున్న మోకు, పురిలో పురి బిగిసి, లోతుగా మూలుగుతుంది. పన్నెండేళ్ళలో ఆ మోకుల్లో వినని చప్పుడు అది. కళ్ళు మూసుకోలేదు ఆమె.

అప్పుడు మోకు కదిలింది.

మూడు లాగుళ్ళు కావు. ఆమెకు తెలిసిన ఏ లాగుడూ కాదు. ఒకటే, పొడుగ్గా, మొరటుగా, నడుము వంచి కాళ్ళు తన్నిపెట్టి లాగితే వచ్చే లాగుడు. కత్తి కింద తెగుతున్న మోకును అవతల ఎవరో లోపలికి గుంజుతున్నారు. ఎదిగిన చెయ్యి అది. ఆ చేతిని ఆమె ఎన్నడూ పట్టుకుని ఎరగదు.

"ఎవరో ఉన్నారు!" అని అరిచింది అంకమ్మ, మడమలు నేలలో గుచ్చి. "పైన ఎవరో పెద్దవాళ్ళు ఉన్నార్రా! వదలమాకండి!"

రెండో పాయ తెగింది.